ఎర్ర గుర్తు నల్లా

సొహార్‌ల ఖమీస్ ఇంటి బాత్రూముల
టేపు పట్టుకొని నిలబడ్డ.
గ్యాసుదా, కరెంటుదా? అడిగిండు.

నా అరబ్బీ అంతంతే,
సగం చేతులతోటి చెప్పిన:
గ్యాసుదైతే తిప్పంగనే వేడి,
పదిమంది చుట్టాలొచ్చినా ఒడువది.
కానీ బయటి గోడకే బిగియ్యాలె,
సముద్రం గాలికి మంట ఆరుతది,
నెత్తి మీద సబ్బు నురగ ఉండంగనే
సిలిండర్ అయిపోతది.
కరెంటుదైతే యాభై లీటర్లు, అంతే.
రాడ్డు మీద సున్నం పేరుకుంటది,
రెండేండ్లకోసారి నన్నే పిలవాలె.
నవ్విండు. నేను నవ్వలే.

గడప అవతల వాళ్ల అమ్మ జువైన
ఖర్జూరం గింజలు తీసుకుంట అన్నది:
"నీళ్లు పట్టి ఉంచేది ఏది?"
కరెంటుదమ్మా.
"అదే పెట్టు."

నాకర్థం కాలే. అది జనవరి.

జూన్ల, వాల్వు కారుతున్నదంటే పోయిన.
మిద్దె మీద ట్యాంకు మసులుతున్నది.
నీలం గుర్తు నల్లా తిప్పితే చెయ్యి కాలింది.
హీటర్ స్విచ్చుకు టేపు అతికించి ఉంది,
ఎవరూ వెయ్యకుండ.
ముసలమ్మ నా చెయ్యి పట్టి
ఎర్ర గుర్తు నల్లా కింద పెట్టింది.
సల్లగ.
రాత్రంతా ఇంటి నీడల నిద్రపోయి లేచిన నీళ్లు.

పదకొండేండ్ల సంది ఇవే బిగిస్తున్న.
ఎనిమిదిమందిమి ఉండే మా రూముల
రాత్రి బకెట్ నింపి మంచం కింద పెట్టుకుంట,
పొద్దటికి ఎవడో ఒకడు పోసుకుంటడు.

మొన్న ఫోర్‌మన్‌ను అడిగిన,
పాత హీటర్ ఏదన్న పారేస్తున్నరా అని.
రాడ్డు కాలిపోయినదైనా సరే.
కనెక్షన్ కూడా వద్దు.