రెండు ఎరుపులు

ఎయ్‌బార్‌లో వాన తెరిపిచ్చిన మంగళవారం
బడి వంటశాల కడిగేసి, ఇంటికి పోయే దారిలో
కెపా దుకాణంలోకి దూరాను.
గోడ కొక్కేనికి వేలాడుతోందది,
పదకొండేళ్ళుగా ఎవరూ తొక్కని రోడ్డు సైకిల్.
చీటీ మీద మూడు ధరలు కొట్టేసి ఉన్నాయి.
నాలుగోది పెన్సిల్‌తో రాశాడు,
అదీ నిలవదని ముందే తెలిసినట్టు.

"కొత్తదే," అన్నాడు కెపా.
గోతాంలో పదకొండేళ్ళున్న చిక్కుడు గింజల్ని
ఎవరూ వండలేదు కాబట్టి కొత్తవందామా?
రెండు వందల మంది పిల్లలకి గరిటె తిప్పేదాన్ని,
నాకు తెలుసు.
అవి ఎంత ఉడికించినా పంటి కింద రాళ్ళే.

టైరు పక్కన బొటనవేలితో నొక్కాను.
మాడిన రొట్టె పెచ్చులా సన్నటి బీటలు.
చక్రం తిప్పితే బద్ధకంగా రెండు చుట్లు తిరిగి ఆగింది,
లోపల గ్రీజు మైనమైపోయిందట.
రిమ్మును పట్టే బ్రేకులు.
"ఇప్పుడంతా డిస్కులే పిన్నీ,
అది మ్యూజియం సరుకు" అంటుంది మా ఇరైట్స్.
"ఈ గేరు విరిగితే?"
"దొరుకుతుంది, వెతికితే."
ఆ 'వెతికితే'కి ఎన్ని యూరోలు వేసుకోవాలి?

పాల రసీదు వెనక లెక్క రాశాను.
అడిగింది ఆరువందలు.
టైర్లు డెబ్బై, కేబుళ్ళు ముప్ఫై,
గొలుసు ముప్ఫై అయిదు, హ్యాండిల్ టేపు పదిహేను.
మొత్తం ఏడువందల యాభై.
ఇంకో నూటయాభై పడేస్తే
ఈ ఏటి మోడలే వస్తుంది, డిస్కులతో సహా.
కాకపోతే రెండు కిలోలు బరువెక్కువ.
అర్రాతే ఎక్కుడులో ఆ రెండు కిలోలు మోసేది
కెపా కాదు, ఇరైట్స్ కాదు,
యాభై మూడేళ్ళ ఈ మోకాళ్ళు.

"దింపి చూపించు," అన్నాను.
దింపాడు. తిప్పాడు.
గోడవైపు ఉన్నది దానిమ్మ గింజ ఎరుపు,
నిన్ననే పూసినట్టు.
కిటికీవైపు ఉన్నది ఎండ నాకేసి
నారింజ తొక్కలా వెలిసిపోయింది.
ఇన్నాళ్ళూ వీధిలోంచి వెలిసిన వైపే చూస్తూ
అదే దాని రంగనుకున్నాను.

"ఎందుకు పోలేదు కెపా ఇది?"
గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు,
అవసరం లేకపోయినా.
"చిన్న సైజు. ఆ ఏడు
ఆడవాళ్ళు కొంటారని తెప్పించా.
వచ్చారు.
మొగుళ్ళకి పంపులు కొనుక్కుని వెళ్ళారు."

నేను మాట్లాడలేదు.
ఆ ఏడు నేనూ వచ్చాను.
బెన్యాత్‌కి పంపు కావాలని,
గల్లా దగ్గర చిల్లర లెక్కబెట్టుకుని,
తలెత్తకుండా వెళ్ళిపోయాను.
ఇది అప్పుడు ఇక్కడే, ఈ కొక్కేనికే,
రెండు వైపులా ఒకే ఎరుపుతో.

సీటు మీదికెక్కాను, గోడ పట్టుకుని.
దేన్నీ ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు.
మోచేతులు వాటంతటవే వంగాయి.
లెక్క మారలేదు, చిక్కుడు గింజలూ మెత్తబడలేదు.
అయినా రసీదు మడిచి జేబులో పెట్టి
"అయిదువందలు. టైర్లు నువ్వే వెయ్యాలి" అన్నాను.
"అయిదు వందల ఇరవై. కేబుళ్ళు కూడా వేస్తా."

బిల్లు రాస్తూ అలవాటు కొద్దీ అడిగాడు,
"పంపు?"

వద్దులే, ఇంట్లో ఉంది.
పదకొండేళ్ళ నాటిది.
గాలి పడుతుందో లేదో
చూడాలి.