ఎడమ అంచు

పొద్దంతా సల్మాబాద్ గ్యారేజీల
గీతలు మాయం జేసే పని నాది.
సొట్టవడ్డ తలుపు, రాసుకపోయిన బంపరు,
పుట్టి వెట్టి, రుద్ది, రంగు గొట్టి
ఏం జరగనట్టు జేసి తాళాలిస్త.

రాత్రి ముహర్రక్ రూముల, కింది మంచం మీద,
టేబుల్ ఫ్యాను బందువెట్టి
కొత్త విమానాన్ని పాతగ జేస్త.

బొటనవేలంత కాక్‌పిట్.
నలభై ఎనిమిదో వంతు లోకం.
ముందుగాల నలుపు, దానిమీద పల్చగ బూడిద రంగు,
మూలలకు నలుపు మిగిలేటట్టు.
గంత చిన్న జాగల నీడ తనంత తాను పడది,
అది గూడ మనమే ఎయ్యాలె.
టూత్‌పిక్ కొసతోని మీటర్లకు తెల్ల ముల్లులు,
ఒక్కొక్క దానిమీద వార్నిష్ బొట్టు, అద్దమైతది.
మాస్కింగ్ టేపు సన్నగ చీరి సీటు బెల్టులు.
మీది మంచం పోశెట్టి తుమ్మితె
ఒక బెల్టు ఎగిరిపోయి
నడిజాము దాక దాన్నే దేవులాడిన.
ఇంటి మీదికెల్లి అసలు విమానం దిగుతుంటె
బ్రష్షు లేపి పట్టుకొని ఆగుత,
కిటికీ వణుకుడు తగ్గేదాక.

పాతగ జేసుడు మస్తు కష్టం.
తెల్వనోడు మరకలు అంతట సల్లుతడు.
అరుగుడుకు ఒక లెక్కుంటది.
చెయ్యి వడ్డ కాడ్నే అరుగుతది,
బూటు ఆనిన కాడ్నే రేకు తేలుతది.

ఒకసారి ఏసీ జాలి దులిపి
అసలు దుమ్మే తెచ్చి సల్లిన.
ఆ కొలతకు ఒక్కొక్క రేణువు గుండ్రాయంత గనవడ్డది.
ఈ దేశపు ఇసుక ఈ విమానంల అబద్ధమైంది.
అప్పట్నుంచి సుద్దముక్క గీకి
దొంగ దుమ్ము సల్లుతున్న,
నిజమనిపిస్తది.

ఇది జెయ్యమన్నది బూ రాషిద్.
కారు రిపేరుకు వచ్చి నా ఫోన్ల ఫోటోలు జూసిండు.
ఎయిర్‌బేసుల ముప్పై ఏండ్లు జేసిండట.
ఒక్కనాడు ఎగరలె.
పైలట్ బూటు ఆనే కాడ, థ్రాటిల్ పిడి కాడ
వెండి పెన్సిలు గీకి సూపెట్టిన.
కండ్లద్దాలు నొసటి మీదికి జరిపి
చానాసేపు జూసి అన్నడు,
"అంతా మంచిగున్నది. నేనే లేను."

నిచ్చెన మీద నిలవడి
ఎడమ అంచు మీద మోచెయ్యి మోపి
లోపలికి వంగి
సీటుకు పెట్టిన ఎర్ర పిన్నులు
వాహిద్, త్నేన్ అని లెక్కవెట్టుకుంట పీకేటోడట.
పైలట్ భుజం మీద రెండుసార్లు తట్టి దిగేటోడట.
దినాం గదే. ఎండకు రేకు కాలితె
మోచెయ్యి కింద తువ్వాల ఏసుకొని.
"పైలట్లు మారిన్రు. మోచెయ్యి మారలె."
తోబు చెయ్యి మీదికి మలిచి సూపెట్టిండు,
తోలు నల్లగ, మొద్దుగ,
ఆనెకాయ లెక్క.

ఆ రాత్రి స్పాంజి ముక్క పట్టుకొని
బియ్యపు గింజంత జాగ కోసం రెండు గంటలు కూసున్న.
బూడిద రంగు పోవాలె,
కింద పసుపచ్చ ప్రైమరు కొంచెం అగుపడాలె,
దాని నడుమ ఆవగింజల సగం వెండి.
ఎవలో ఆనినట్టు గాదు,
ఒక్కడే ముప్పై ఏండ్లు ఆనినట్టు.

సీట్ల మనిషి బొమ్మ పెట్టలె.
పై అద్దం అతికియ్యలె, తెరిచే ఉంచిన.
పదిహేను దినార్లు, ఒక డబ్బా హల్వా ఇచ్చిండు.
హల్వా తెల్లారేసరికి రూమోళ్లు ఊడ్చిన్రు.
బొమ్మను చేతులకు తీసుకొని ఆయన ఏమనలె.
ఎడమ మోచెయ్యి మాత్రం
గాలిల కొద్దిగ లేసి, ఆగింది.

మర్నాడు గ్యారేజీకి ఒక ట్యాక్సి.
డ్రైవరు తలుపుకు, కిటికీ అంచు కాడ
రంగు పోయి రేకు మెరుస్తున్నది,
ఒక మోచెయ్యి మేర.
"కొత్తదాని లెక్క గావాలె, రేపటికి" అన్నడు మేనేజరు కురియన్.
ఇసుక కాయితం నీళ్లల్ల తడిపి
కొంచెం సేపు ఊకెనే నిలవడ్డ.
తర్వాత రుద్దిన.