కడుపులో చల్ల

ఫ్రిజ్‌లో కింది అరలో, పెరుగు గిన్నె పక్కన
ఊదారంగు మూతతో ఒక డబ్బా.
దాని మీద విరజ పేరు లేదు,
ఒక పొడుగాటి అంకె, పుట్టిన తేదీ.
పొరపాటున ఎవరూ తీయకుండా
"ముట్టుకోవద్దు" అని తెలుగులో రాసి అతికించాను.
ఈ ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కణ్ణేనని
అతికించాక గుర్తొచ్చింది.
మొరాగ్ నవ్వింది. పాలసీసా మాత్రం పై అరలోకి మార్చింది.

ఏడాది వయసులో విరజ వేసిన వాటిని
తప్పటడుగులు అన్నాం. చప్పట్లు కొట్టాం.
వీడియో తీసి పదిమందికి పంపాం.
ఏడేళ్ళకీ అవే అడుగులు.
చప్పట్లు ఎప్పుడు ఆగాయో తేదీ చెప్పలేను.
హిల్‌టౌన్ వాలులో జనం పక్కకి జరిగి దారిస్తారు,
మర్యాదగా, కళ్ళు దుకాణాల అద్దాల్లో పెట్టి.
తప్పటడుగులో తప్పెవరిదని
డిపోలో ఖాళీ బస్సు దిగేముందు
ఒక్కోరాత్రి వెనకసీట్లని అడిగేవాణ్ణి.

డాక్టర్ మెక్‌లీష్ మాకేమీ అమ్మలేదు.
"కాళ్ళని ఆడించే మెదడుకీ పేగుకీ మాటామంతీ ఉంది.
ఏం మాట్లాడుకుంటాయో మాకింకా సరిగా వినపడదు.
పాప కడుపులో ఎవరెవరు కాపురముంటున్నారో
జనాభా లెక్క రాసుకుంటాం, అంతే.
మీకిందులో మందు లేదు" అంది.
ఆ "లేదు" నాకు నచ్చింది.
అంతకుముందు చాలామంది "ఉంది" అని
చాలా డబ్బు పట్టుకెళ్ళారు.

ఫారంలో మూడురోజుల తిండి రాయమన్నారు.
ఓట్స్ జావ, చేపవేపుడు, పెరుగన్నం, పెరుగన్నం, పెరుగన్నం.
ఏ కంపెనీ పెరుగు? గడి చిన్నది.
"ఇంట్లో తోడుపెట్టింది" అన్నాను.
తోడంటే ఏమిటని అడిగింది.
నిన్నటి పెరుగు చెంచాడు, ఇవాళ్టి పాలలో.
చీకట్లో ఒక్కతే వెళ్ళకూడదని
పిల్ల వెంట పంపే మనిషికీ మా భాషలో అదే మాట.
ఆవిడ కలం కాసేపు కదల్లేదు.
తర్వాత మార్జిన్‌లో ఏదో రాసుకుంది.

పదకొండింటికి కొరియర్ రావాలి.
రాత్రి కురిసిన వాన రోడ్డు మీదే గడ్డకట్టి
ఊరంతా గాజుపలక. వ్యాన్లు రావట్లేదని ఫోన్.
"నాది కదా, నేనే ఇచ్చొస్తా" అని
ఐసుపెట్టె పట్టీ మెడలో వేసుకుంది విరజ.

బయటికొస్తే,
డుండీ మొత్తం తప్పటడుగులు వేస్తోంది.
బ్యాంకు గుమస్తా, కుక్క లాక్కెళ్తున్న పెద్దావిడ,
ఒకరి బెల్టు ఒకరు పట్టుకుని ఇద్దరు పోలీసులు.
నేను రెండుసార్లు కూలబడ్డాను.
ఇంతమందిలో ఏళ్ళ తరబడి సాధన ఉన్నది దానికొక్కదానికే.
రెయిలింగుని కరుచుకుపోయిన ముసలాయనతో
అచ్చం ఫిజియో ఐల్సా గొంతుతో చెప్పింది:
"మోకాళ్ళు వదులు చెయ్యండి. కిందికి చూడొద్దు. బాతులా."
ఆయన బాతులా నడిచాడు.
వాళ్ళ వెనక నేనూ, ఇంకో ఐదారుగురం.

బస్సు దొరికింది. నడుపుతున్నది మా డగీ.
పెట్టెలో ఏముందని అడిగాడు.
"నా కక్క! సైంటిస్టులకి కావాలట!"
బస్సంతా వినేట్టు చెప్పింది.

హాయిగా బతకడాన్ని మావైపు
కడుపులో చల్ల కదలకుండా అంటారు.
ఏడేళ్ళుగా ఆ మాటంటే నాకు ఒళ్ళుమంట.
ఆ నవ్వుల్లో, తాళం ఆపని దాని మోకాళ్ళ మీద
పెట్టె అటూ ఇటూ ఊగుతుంటే
కదలనీ అనుకున్నాను.

రాత్రి పాలు గోరువెచ్చన చేసి చెంచాడు వేశాను.
ఈ చలికి బాయిలర్ అల్మారాలో పెడితేగాని పేరుకోదు.
విరజ తన ఉన్ని మఫ్లరు గిన్నెకి చుట్టింది.
"కదపకు నాన్నా, కదిపితే వాటికి కుదరదు" అని
తనే రెండు చేతులా పట్టుకు కూర్చుంది,
ఎప్పుడూ నిలవని ఆ చేతులతో,
నిద్రొచ్చేదాకా.

పొద్దున్నే అల్మారా తలుపు తీశాను.
తోడుకుంది.
ఒక పక్కకి కాస్త వాలి, గట్టిగా.