టీ లెక్క

ఎంతసేపు పడుకున్నావని అడగను.
అడిగితే ఎవురైనా ఆరు గంటలే అంటారు,
కళ్ళు చింతనిప్పులైనోడు కూడా.

టీ యాడ తాగావని అడుగుతా.

"తెల్లారుజామున ముత్తుకూరులో మావా,
కావలి దిగేసరికి ఇంకోటి,
టంగుటూరు టోల్‌గేటు కాడ రెండు, అల్లం వేసినవి.
మధ్యాన్నం ఈడికొచ్చి, రాయి ఎక్కేదాకా
క్రేను పక్కనే నిలబడి..."

మాలకొండయ్యకి తెలీదు
వాడి నోటితోనే వాడి నిద్ర లెక్కేస్తున్నానని.
నిద్ర అబద్ధమాడుద్ది. టీ ఆడదు.
ఇరవై గంటలకి తొమ్మిది గ్లాసులు,
మధ్యలో కన్ను మూసిన ఊరు ఒక్కటీ లేదు.

చీమకుర్తి యార్డులో రాత్రి పదిన్నర.
ట్రెయిలర్ మీద ఇరవై రెండు టన్నుల నల్లరాయి,
లైటు పడ్డచోటల్లా బంగారు రవ్వలు.
ఏ దేశంలో ఎవరి వంటగట్టు అవుద్దో.
ఈడ మాత్రం అది
డ్రైవరు వీపుకి మూరెడు ఎడంలో కూర్చున్న కొండ.

గొలుసులు చూశా. మూడోది వదులు. బిగించమన్నా.
"రాయి బరువే రాయికి కట్టు" అన్నాడు ఖాజావలి, బీడీ పక్కకి పెట్టి.
పాత డ్రైవర్లందరూ అనే మాటే.
నేనూ అన్న మాటే,
సింగరాయకొండ బైపాసులో గేదెలు అడ్డమొచ్చేదాకా.

బ్రేకు లారీకే వేస్తాం.
రాయికి వెయ్యలేం.

క్లీనరు తిరుపాలు ఎడంపక్క నిద్రపోతా ఉన్నాడు.
పంతొమ్మిదేళ్ళు.
వానకి తడిసిందని ఒక చెప్పు
డాష్‌బోర్డు మీద ఆరబెట్టుకున్నాడు.
ఆ చెప్పు నాకు దొరికింది.
ఆరిపోయి ఉంది.

నా కుడిమోకాలు మడత పడటం మానేశాక
కంపెనీ నాకొక పచ్చచొక్కా, టార్చిలైటు, రిజిస్టరు ఇచ్చింది.
సేఫ్టీ మావ అంటారు కుర్రోళ్ళు ఎదురుగా.
వెనకాల ఏమంటారో కూడా తెలుసు.
క్యాబిన్‌లో కెమెరా పెట్టిస్తే, రెప్ప వాలితే కీచుమంటదని,
వారం తిరక్కుండా
దిష్టి నిమ్మకాయలు తెచ్చి
సరిగ్గా దాని కంటికి అడ్డంగా కట్టారు.

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా.

"ఓడ రేపు పన్నెండుకి. ఆపటానికి నువ్వెవరు?"
ఫోన్లో డిస్పాచ్ శేషగిరి.
"ఓడకి నిద్ర రాదు కదయ్యా, కాసేపు ఆగుద్దిలే."

మాలకొండయ్య అరవలేదు. అరిచినా బాగుండు.
"బత్తా పోద్ది మావా" అన్నాడు మెల్లిగా.
"సోమవారం బోరుమోటారు విడిపించాల."

ఆ మాట మీద వెయ్యటానికి నా కాడ టార్చిలైటు లేదు.

పడుకున్న రాత్రికీ బత్తా ఇవ్వమని
మూడుసార్లు కాగితం పెట్టా.
గురక పెట్టినందుకు కూలీయా అని నవ్వాడు ఓనరు.
నాలుగోసారి ఇన్సూరెన్సోళ్ళ లెక్క జతచేశా.
నవ్వలేదు. సగం ఇస్తానన్నాడు.
సగం బత్తాకి సగం నిద్రేనా అని
నేను అడగలా.
అడగాల్సింది.

పడుకున్నాడు. బండి కింద కాదు,
కొత్తగా వేసిన రేకుల గదిలో, ఫ్యాను కింద.
తలుపు కాడ కుర్చీ వేసుకుని గురక విన్నా.
మొదట ఘాటెక్కే బండిలా ఫస్టు గేర్లో మూలిగింది,
రెండింటికల్లా టాప్‌లో పడి సాఫీగా సాగింది.

రిజిస్టర్లో 'ఆలస్యానికి కారణం' కాడ
నిద్ర అని రాశా.
ప్రమాదాల గడి ఖాళీ.
కోవూరు కాడ పాలక్యాన్లు కట్టుకుని
మోపెడ్ మీద రోడ్డు దాటే మనిషెవరో
ఆ ఖాళీలో ఉన్నాడేమో.
ఉన్నా వాడికి తెలీదు, నాకూ తెలీదు.

నాలుగున్నరకి తాళంచెవి ఇచ్చా.
తీసుకున్నాడు. మాట్లాడలా.

బండి గేటు దాటి పది గజాలు పోయి ఆగింది.
దిగాడు. నాకేసి చూడలా.
మూడో గొలుసు పట్టుకుని
ఒంటి బరువంతా వేసి లాగాడు.
ఇంకోసారి లాగాడు.
ఎక్కాడు.