పైనుంచా, కిందనుంచా

సర్వేయరు పాణిగ్రాహి బాబు టేపు పట్టి
గోడమీది తడిగీత కొలిచాడు.
మూడడుగుల రెండంగుళాలు.
తర్వాత అడిగాడు, వచ్చీరాని తెలుగులో:
"నీళ్ళు పైనుంచి వచ్చాయా, కిందనుంచి వచ్చాయా?"

పైనుంచి వస్తే తుపాను.
కిందనుంచి వస్తే వరద.
పాలసీలో తుపాను ఉంది, వరద లేదు.
ఏడాదికి నాలుగువందల డెబ్భై మిగులుతుందని
ఆ గడిలో టిక్కు పెట్టనివ్వనిది నేనే.

ఆ రాత్రి నీళ్ళని ఊరూ పేరూ అడగలేదయ్యా.
రేకు ఎగిరింది, కన్నంలోంచి ఆకాశం పడింది.
గంట తిరక్కుండా మహేంద్రతనయ
పెరటి తలుపు తోసుకుని వచ్చింది,
పుట్టింటికొచ్చిన ఆడపడుచులా, ఎవర్నీ అడక్కుండా.
నడిమింట్లో రెండూ కలిసిపోయాయి.
ఏ చుక్క ఎవరిదో తేల్చాలంటే
హంసని పంపాల్సింది మీ కంపెనీ.

పోయిన అద్దెకీ క్లెయిము ఉందట.
జాలిపడి ఆయనే చెప్పాడు.
మూడు వాటాలు, మూడు నెలలు.
"అద్దెకిచ్చినట్టు కాగితం ఉందా?"

కాగితాలకేం, పెట్టెడు.
పాలసీ ఇంగ్లీషులో,
మునిసిపాలిటీ పన్ను రసీదు ఒడియాలో,
అద్దెల పుస్తకం నా చేతిరాత తెలుగులో.
మూడూ ఒకదానితో ఒకటి ఎన్నడూ మాట్లాడుకోలేదు.
పర్లాకిమిడిలో నా కాపురం
ఇన్నాళ్ళూ చల్లగా సాగింది అందుకే.

రసీదులో ఇలా ఉంది: స్వంత నివాసం.
అద్దెకున్నవారు: ఎవరూ లేరు.
పన్నెండేళ్ళుగా ఎవరూ లేరు.

ఆ ఎవరూ లేని వీధివాటాలో
కొమ్ముతో నెమళ్ళు చెక్కే బైద్యనాథ్ మహారాణా.
మధ్యవాటాలో నర్సు ఇతిశ్రీ,
రాత్రి డ్యూటీ దిగి, పొఖాళో తిని, పగలంతా నిద్ర.
వెనకవాటాలో ఎండుచేపల గున్నయ్య,
వాసనకని నెలకి యాభై ఎక్కువ తీసుకునేదాన్ని.
లేనివాళ్ళ దగ్గర
ప్రతి ఒకటో తారీకునా నోట్లు లెక్కపెట్టుకున్నాను.

వకీలు కాగితాలు పక్కపక్కన పరిచి
కళ్ళజోడు తీశాడు.
"ఒక నోటితో రెండు మాటలు అనొచ్చు తవిటమ్మా.
ఒక సంతకంతో అనలేం."

సాయంత్రం బైద్యనాథ్ వచ్చాడు.
రెండు నెలల బాకీ ఉన్నవాడు,
గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు.
"సాక్షి కావాలంట కదా మావుసీ.
అటకమీద నా అట్టపెట్టెలే ముందు తడిశాయి,
అప్పటికి నేల పొడిగానే ఉంది.
ఎంత పెద్ద నదైనా ముందు అటకెక్కదు కదా.
నేను సంతకం పెడతాను."

కాగితం అందుకున్నాడు. కలం మూత తీశాడు.
ఆగాడు.
"చిరునామా అని గడి ఉంది.
ఏం రాయను? నేనెక్కడుంటున్నట్టు?"

వాడు ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు.
నేను పొయ్యి వైపు చూశాను,
పొయ్యి ఉన్న చోటు వైపు.
"ఇక్కడే," అన్నాను. "ఇంటి నంబరు చెప్తాను, రాసుకో."

వచ్చేది ఇరవై ఏడువేలు, వస్తే.
కట్టాల్సిన పాత పన్ను, జరిమానాతో ముప్పై ఒకటి.
గున్నయ్య వేళ్ళమీద లెక్కేసి అన్నాడు:
"ఇదేటమ్మా, గాలానికి కట్టిన ఎరే పెద్దగుంది!"
ఇతిశ్రీ నిద్రకళ్ళతోనే నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది, ఆలస్యంగా.

రేపు మునిసిపాలిటీలో నాలుగో కిటికీ.
గోడకి సున్నం వేయొద్దన్నాడు పాణిగ్రాహి బాబు,
ఫైలు తెమిలేదాకా.
ఆ గీతకి జానెడు పైన
బైద్యనాథ్ మేకు కొట్టి చొక్కా తగిలించుకున్నాడు.