చీటీ వెనక

సిద్ధాపుర సందులోకి తిరగ్గానే
తడిసిన కొబ్బరిపీచు వాసన.
చేతిలో వకుళ రాసిచ్చిన చీటీ:
ఎర్ర గులాబీ ఒకటి, ఇంకో గులాబీ మీ ఇష్టం,
రంగురంగుల క్రోటన్లు నాలుగు.
కింద గీత గీసి మరీ,
పసుపువి వద్దు. అడగండి. నోరుందిగా.

పోయినసారి తెచ్చినవన్నీ పసుపే.
అంతకు ముందుసారీ అంతే.
మా రెండో అంతస్తు బాల్కనీ
పెళ్ళివారింటి గడపలా తయారైంది.

నాకు పసుపు కనిపిస్తుంది, నీలం కనిపిస్తుంది.
ఎరుపూ ఆకుపచ్చా మాత్రం
ఒకే బురదలో దిగిన రెండు ఎద్దులు.
ఇరవై రెండేళ్ళప్పుడు రైల్వే డాక్టరు
చుక్కల బొమ్మ ముందుపెట్టి
ఇందులో అంకె ఎంత అన్నాడు.
అంకె ఎక్కడుంది అన్నాను.
రైలింజను నడపాల్సినవాణ్ణి
జయనగరలో పన్నుల లెక్కలు రాస్తున్నాను.
ఆ తర్వాత ఎవర్నీ ఏ రంగూ అడగలేదు.

క్రోటన్ల వరస ముందు నిలబడి
ఆకులు వేళ్ళతో నలిపి చూస్తుంటే
మునిలక్ష్మమ్మ నీళ్ళ పైపు పక్కన పడేసి వచ్చింది.
"పంచెల కొట్లో చూసినట్టు చూస్తుండావే సామీ?"
"ఇది ఏ రంగమ్మా?"
"ఎరుపు."
"ఎలాంటి ఎరుపు?"
ఒకసారి నా మొహంలోకి చూసింది.
ఏమీ అడగలేదు.
అక్కణ్ణించి రంగుల పేర్లు మానేసింది.

"ఇది గోంగూర కాడ.
ఇది మూడోనాడు ఆవకాయ మీద తేలిన నూనె.
ఇది జ్వరమొచ్చిన బిడ్డ చెవి.
ఇదైతే, మా ఆయన తాగొచ్చిన రాత్రి, నేను."
నవ్వింది. నాలుగూ తీసుకున్నాను.

గులాబీలు హోసూరు నుంచి తెల్లారే దిగాయట,
నల్ల కవర్లలో, వేళ్ళకింకా ఆ ఊరి మట్టితో.
"అంటు కట్టిన ముడి చూసుకో.
ముడి కిందనించి చిగురొస్తే తుంచెయ్,
అది అడివిది, పైదాన్ని తినేస్తాది."
చీటీలోని ఎర్రదాన్ని తనే ఎంచిపెట్టింది.
రెండోదానికి నేను ముక్కుతో వెతుక్కున్నాను.
ముందువరసలో పెద్దపెద్ద పూలు,
ఒక్కదానికీ వాసన లేదు.
వెనక, తొట్టి పక్కన, సగం రాలిన ఒకే పువ్వు:
లవంగం, తడి టీపొడి, ఇంకేదో.

"దాన్ని ఎవురూ కొనరు సామీ. మాసిన రంగు."
నాకు అన్నీ మాసినవే తల్లీ,
అన్నాను. పైకే అన్నాను.
ఇరవై రూపాయలు తగ్గించింది.

ఆటోలో మోకాళ్ళ మధ్య ఆ కవరు.
ముల్లు ప్యాంటు పట్టుకుని వదల్లేదు.
అశోకా పిల్లర్ దగ్గర పై దీపం వెలిగింది,
ఆగాం. పైదంటే ఎరుపని నాకు తెలుసు.
ఆ కాస్త వ్యవధిలో చీటీ తిప్పి రాసుకున్నాను:
కాడ, నూనె, చెవి, ఆమె కోపం.
అయిదోది, పండు మిరప.
ఆరో దాని ఎదురుగా ఏమీ రాయలేదు.

వకుళని అడగాలి.