సగం వేటు

వనం గోడకి అవతల ఉంది.
దేశం మాత్రం ఇదే.
ఇనుప కమ్మీల మధ్య గేటు లేని ఒక సందు,
అందులోంచి మా బండి దూరుతుంటే
తాత సీటు బెల్టు సర్దుకున్నాడు
పరదేశం పోతున్నట్టు.

టికెట్ల బల్ల దగ్గర దొమితీలా.
చిల్లర లేదని దోమల మందు సీసా చేతిలో పెట్టింది.
"నది దాకా వెళ్ళండి. అవతలి గట్టున ఎవరైనా ఉంటే
చెయ్యూపండి, తప్పులేదు. నేను రోజూ ఊపుతా."

తోట యజమానుల మేడకి కొత్తగా రంగు వేశారు.
అద్దాల పెట్టెలో జమాఖర్చుల పుస్తకం,
ముత్యాల్లాంటి దస్తూరీ:
కంచరగాడిదలు పదహారు, పేర్లతో సహా.
తాటి మొద్దులు నాలుగు వందలు, రేవుకి.
మనుషులు ఇరవై మూడు.
తాత కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.
గాడిదల్లో ఒకదాని పేరు పలోమా.
"మా నాన్న చెప్పేవాడు దీని గురించి. మొండిది."
అంతే. మేడలో మేమింకేమీ చూడలేదు.

బయట, మిగిలిన కాస్త తాటివనం.
ఎండిన మట్టలు కొట్టకుండా వదిలేశారు,
చెట్టు చెట్టుకీ నేల దాకా జీరాడే గోధుమరంగు పావడా,
దాని మడతల్లో గబ్బిలాల పగటి నిద్ర.
హెలికాప్టర్ ఒకటి నెత్తిమీదుగా కిందకి వచ్చింది.
మట్టలన్నీ గలగల్లాడాయి.
తాటాకు చప్పుళ్ళకు బెదరని జాతి, చాచలాకా పిట్టలు
గింజల పళ్ళెం వదల్లేదు సరికదా
దానికంటే పెద్ద గొంతుతో దాన్నే తిట్టాయి.
నేను మాత్రం జేబు తడుముకున్నాను, కార్డు ఉందో లేదోనని.
ఇక్కడే పుట్టాను. అయినా.

నీళ్ళు కదలని పాత ఏటి మలుపులో
తాత ఆగాడు. ఆయాసమనుకున్నాను.
మోకాలెత్తున, ఒక చెట్టుకి గొడ్డలి గాటు.
నా అరచెయ్యి పట్టేంత లోతు.
నరకడం మొదలెట్టి మానేశారెవరో.
"మెస్కీట్ చెట్టయితే బెరడు కప్పేసుకుంటుంది," అన్నాడు,
"ఈ జాతికి గాయం పూడదు."

ఎందుకాపాడో.
అన్నం గంట మోగిందో, పాము కనబడిందో,
పలోమా మొరాయించిందో,
మేస్త్రీతో మాటా మాటా పెరిగి
నదిలో దిగి అవతలికి నడిచిపోయాడో.
అప్పట్లో నడిచి పోనిచ్చేది నది.

తాత గాట్లో వేళ్ళు పెట్టి చూశాడు. చీమలు.
విదిలించి ప్యాంటుకి తుడుచుకున్నాడు.
"మా నాన్నది ఎడమచేతి వాటం."
చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.
ఏం తేలిందో చెప్పలేదు.

అవతలి గట్టున ఒక పిల్లవాడు, రెండు మేకలు.
ముందు మేమే చెయ్యూపాం.
వాడు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఎవరికోనని.

తిరుగుదారిలో, గోడ సందు దగ్గర
ఆకుపచ్చ యూనిఫాంలో మా వీధి చివరింటి కుర్రాడు.
"లోపల ఎవరైనా కనిపించారా, దోన్ ఫెర్మీన్?"
తాత ఆలోచించాడు, నిజంగానే.
"ఒకడు," అన్నాడు. "పని సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు."
కుర్రాడు నోట్‌బుక్ తీశాడు.

"ఎటువైపు?"